కొనేవారి వెంట వెళ్ళిన కొట్టు

వ్యాపారి తన ఊరికి ఏమైనా ఋణపడి ఉంటాడా? బ్యాంకు పుస్తకాల్లో రాసుకునే అప్పు సంగతి కాదు నేనడిగేది. ఒకే ఊళ్ళో డెబ్బై ఏళ్ళు అమ్మి, ఆ ఊరివాళ్ళ డబ్బుతోనే అంతస్తు మీద అంతస్తు కట్టిన వర్తకుడు ఉన్నాడనుకోండి. కొనేవాళ్ళు ఊరి బయటికి కాపురాలు మారుస్తున్నారని గమనించి, తానూ అక్కడ పెద్ద కొట్టు తెరిచాడు. కొన్నేళ్ళకి పాత బజారు చిన్నబోయింది. ఇందులో అతని తప్పు ఉందా, లేదా?

బి.కాం.లో మాకు చెప్పిన పాఠం ప్రకారం లేదు. బేరం ఎక్కడుంటే వర్తకుడు అక్కడుండాలి. లేకుంటే వాటాదార్లకు ద్రోహం చేసినట్టు. ఇంట్లో పెద్దవాళ్ళు నేర్పిన నీతి ప్రకారం మాత్రం జవాబు అంత సులువుగా రాదు. అన్నం పెట్టిన చోటు అనే మాట ఒకటుంది మనకి. ఈ రెండింటి మధ్య ఊరికే ఊగిసలాడేకన్నా, నిజంగా జరిగిన ఒక కొట్టు కథను, దాని లెక్కలను ముందు పెట్టుకుని ఆలోచించడం మంచిదనిపించింది. ఆ కొట్టు అమెరికాలో డెట్రాయిట్ నగరానిది. (కొట్టు అంటున్నాను. హోసూరువాళ్ళు అంగడి అనుకోండి, షోలాపూరువాళ్ళు దుకాణం అనుకోండి. బరంపురంవాళ్ళకి కొట్టే.)

జోసెఫ్ లోథియన్ హడ్సన్ అనే ఆయన 1881లో డెట్రాయిట్‌లో మగవాళ్ళ బట్టల కొట్టు పెట్టాడు. అది పెరిగి పెరిగి, వుడ్‌వర్డ్ అవెన్యూ అనే పెద్ద వీధిలో ఒక వాడ మొత్తాన్ని ఆక్రమించిన డిపార్ట్‌మెంట్ స్టోర్ అయింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన డిపార్ట్‌మెంట్ స్టోరని పేరు. ఇరవైకి పైగా అంతస్తులు. సూది దగ్గరనుంచి సోఫా దాకా అక్కడ దొరికేది. క్రిస్మస్‌కి ముందు పిల్లల్ని పన్నెండో అంతస్తులో బొమ్మల విభాగానికి తీసుకెళ్ళడం ఆ ఊళ్ళో ఒక మొక్కుబడిలాంటిది. 1924 నుంచి థాంక్స్‌గివింగ్ రోజు ఊరేగింపు నడిపింది ఆ కంపెనీయే. దూరప్రాంతాలనుంచి జనం ట్రాము ఎక్కి వచ్చేవారు. ఒక చిత్రం చూడండి. 1909లో హడ్సన్ గారు పెట్టుబడి పెట్టగా ఆయన పేరుతోనే ఒక మోటారు కంపెనీ వెలసింది. ట్రాములో వచ్చే జనాన్ని నమ్ముకుని బతికే కొట్టు యజమాని పేరు, ఆ ట్రామును మింగబోయే కారు మీద ఎక్కింది! డెట్రాయిట్‌లో చివరి ట్రాము 1956లో ఆగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఊరు బయటికి పాకడం మొదలైంది. యుద్ధంనుంచి తిరిగి వచ్చిన సైనికులకు 1944 నాటి చట్టం కింద ఇళ్ళ అప్పులకు ప్రభుత్వం పూచీ పడింది. అంతకుముందే 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ సంస్థ, బ్యాంకులిచ్చే ఇంటి ఋణాలకు బీమా ఇస్తోంది. చేతిలోంచి కొద్దిపాటి సొమ్ము పెట్టుకుంటే చాలు, మిగిలింది ఏళ్ళ తరబడి వాయిదాల మీద తీర్చుకోవచ్చు. ఊరి బయట కొత్త ఇల్లు, ముంగిట పచ్చిక, ఒక కారు. కారు కొన్నవాడు ఊరి మధ్యకు వస్తే దాన్ని నిలుపుకోవడానికి చోటు దొరకదు. ఆ సంగతి సియర్స్ కంపెనీ అందరికన్నా ముందే పసిగట్టి, 1920ల చివరినుంచే బండ్లు నిలుపుకునే స్థలంతో సహా ఊళ్ళ అంచుల్లో కొట్లు పెడుతూ వచ్చింది. హడ్సన్ కంపెనీ మాత్రం కదల్లేదు. మా ఇల్లు ఊరి నడిబొడ్డున ఉంది, కావలసినవాళ్ళే వస్తారు అన్న ధీమా.

ఆ ధీమాను కదిలించినవాడు విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు, వాస్తుశిల్పి. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాక పారిపోయి అమెరికా చేరాడు. 1948లో డెట్రాయిట్ వచ్చి, హడ్సన్ కొట్టు ఠీవినీ, ఊరి చుట్టూ రోడ్ల పక్కన పుట్టగొడుగుల్లా లేచిన దుకాణాల అందవికారాన్నీ చూశాడు. ఈ చిన్నకొట్ల చేతిలో మీ వ్యాపారం కొంచెం కొంచెంగా పోయేలోగా, మీరే ఊరి చుట్టూ నాలుగు దిక్కుల్లో నాలుగు కేంద్రాలు కట్టండి అని హడ్సన్ యాజమాన్యానికి నచ్చచెప్పాడు. అప్పుడు కంపెనీని నడుపుతున్నది వ్యవస్థాపకుడి మేనల్లుడు ఆస్కర్ వెబర్. అలా మొదటిది, నార్త్‌లాండ్, 1954 మార్చి 22న తెరుచుకుంది. డెట్రాయిట్ ఉత్తరపు పొలిమేర ఎయిట్ మైల్ రోడ్ అనే రహదారి. దానికి ఆవలివైపు, సౌత్‌ఫీల్డ్ అనే టౌన్‌షిప్‌లో. ఖర్చు సుమారు 3 కోట్ల డాలర్లు.

మధ్యలో హడ్సన్ కొట్టు నాలుగంతస్తులు. చుట్టూ అద్దెకిచ్చిన చిన్న కొట్ల వరసలు. వాటి నడుమ పైకప్పు లేని వాకిళ్ళు, పూలమొక్కలు, నీటి ఊటలు, బల్లలు, శిల్పాలు. మార్షల్ ఫ్రెడరిక్స్ చెక్కిన ఎలుగుబంటి, దానిమీద కూర్చున్న పిల్లవాడు అక్కడి పిల్లలందరికీ చుట్టమైపోయింది. సరుకుల లారీలు కంటబడకుండా సొరంగంలోంచి వస్తాయి. వేలాది కార్లు బయటే ఆగుతాయి. లోపల అంతా కాలినడకే. వియన్నా వీధుల్లో పెరిగిన మనిషి, కార్ల దేశంలో మనిషి నడవడానికి చోటు కల్పించాలనుకున్నాడు. తెరిచిన రోజునుంచీ జనం విరగబడ్డారు.

సరే, ఇప్పుడు ధర్మసందేహం.

హడ్సన్ తరఫున వాదన బలంగానే ఉంది. జనం ముందు వెళ్ళారు, కొట్టు తర్వాత వెళ్ళింది. వెళ్ళకపోతే ఇంకొకడు వెళ్ళేవాడు. ఊరి మధ్యనున్న పెద్ద కొట్టును మూసేశారా అంటే, లేదు; నార్త్‌లాండ్ తెరిచాక కూడా ఇరవై తొమ్మిదేళ్ళు నడిపారు. వర్తకుణ్ణి ఊరి కోసం దివాలా తియ్యమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పదు. ఇంతవరకూ నాకూ అభ్యంతరం లేదు.

కాని ఒక పద్దు దగ్గర ఆగిపోయాను. నార్త్‌లాండ్ కోసం హడ్సన్ కంపెనీ కొన్న భూమి, కేంద్రానికి కావలసినదానికన్నా చాలా ఎక్కువ. ఎందుకు? గ్రూయెన్ సలహా అది. కేంద్రం వచ్చాక చుట్టుపక్కల భూముల ధర పెరుగుతుంది, ఆ లాభం మనకే రావాలి, అడ్డదిడ్డమైన కట్టడాలూ రాకుండా ఉండాలి అని. సలహాగా చూస్తే తెలివైనదే. కాని అది ఆ మొదటి వాదన పునాదిని తవ్వేస్తోంది. నేను జనం వెంట వెళ్ళానంతే అనేవాడు తనకు కావలసినంత నేల మాత్రమే కొనుక్కుంటాడు. చుట్టూ నేల కూడా కొనిపెట్టుకున్నవాడికి తన వెనక జనం రాబోతున్నారని తెలుసు. మనిషి మనసులో ఏముందో నోటిమాట చెప్పకపోవచ్చు, ఆస్తుల పట్టీ చెబుతుంది. అప్పు అడగడానికి వచ్చినవాళ్ళ కాగితాలు ముప్పై ఏళ్ళు తిరగేసిన అలవాటు నాకు. ఈ ఒక్క పద్దు చాలు.

వీధి చివర టీకొట్టువాడు బస్టాండు మారితే దాని వెంట మారతాడు. అతను మారడం వల్ల బస్టాండు మారదు. హడ్సన్‌లాంటివాడు మారితే రోడ్లు అటు తిరుగుతాయి, బ్యాంకులు అటు చూస్తాయి, ఇంకో పది కంపెనీలు అటే నడుస్తాయి. అడుగు ఒకటే అయినా ఒకరిది అనుసరణ, ఇంకొకరిది నిర్ణయం. పరిమాణం పెరిగితే బాధ్యత కూడా రకం మారుతుందని మన నీతిగ్రంథాల్లో పెద్దగా కనిపించదు. అవి రాజుకో ధర్మం, వర్తకుడికో ధర్మం చెప్పాయి గాని, వర్తకుడు రాజంత పెరిగితే ఏం చెయ్యాలో చెప్పలేదు.

ఇంకొంచెం లోతుకు వెళితే, జనం ముందు వెళ్ళారు అన్న మాట కూడా అంత నికరం కాదు. ఏ జనం? ఫెడరల్ హౌసింగ్ సంస్థ అధికారులకిచ్చిన నియమావళిలో, ఒక పేట విలువ నిలబడాలంటే అక్కడ ఉండేవాళ్ళంతా ఒకే జాతివాళ్ళై ఉండటం మంచిదన్న ధోరణి స్పష్టంగా ఉంది. నల్లజాతివారున్న పేటకు బీమా దొరకదు; బీమా లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డరు, ఎయిట్ మైల్ రోడ్ దగ్గరే, నల్లవారి పేటను ఆనుకుని తెల్లవారి కోసం ఇళ్ళు కట్టదలచాడు. పక్కన నల్లవారున్నారు కనుక బీమా కుదరదన్నారు. అతను రెండు పేటల మధ్య అరమైలు పొడవున, ఆరడుగుల ఎత్తున గోడ కడతానన్నాడు. గోడ లేచింది, బీమా వచ్చింది.

నేను చూసిన హామీలు చాలా రకాలు. పొలం, ఇల్లు, బంగారం, జీవిత బీమా పాలసీ, స్నేహితుడి సంతకం. గోడను హామీగా పెట్టిన అప్పు గురించి మాత్రం ఇక్కడే చదివాను.

ఆ అధికారిని పిలిచి అడిగితే ఏమంటాడు? నాకు నల్లవారంటే ద్వేషం లేదండీ, వాళ్ళొస్తే ఇళ్ళ ధరలు పడిపోతాయి, నా పని డిపాజిట్‌దార్ల సొమ్ము కాపాడటం అంటాడు. నిజాయితీగానే అంటాడు. కాని ధరలు ఎందుకు పడతాయి? అక్కడ ఎవరూ అప్పివ్వరు కనుక. ఎందుకు అప్పివ్వరు? ధరలు పడతాయి కనుక. ఇది రోగం ఎలా ఉందో చూసి చెప్పడం కాదు, చెప్పి రప్పించడం. వాన వస్తుందని చెప్పిన జోస్యుడికీ వానకూ సంబంధం లేదు. అప్పులిచ్చేవాడు ఫలానా వీధి ఎండిపోతుందని చెప్పి నీళ్ళు కట్టేస్తే, ఎండిపోయాక నేను ముందే చెప్పలేదా అనే హక్కు అతనికి లేదు. హడ్సన్ కొన్న అదనపు భూమీ, ఈ అధికారి ఇవ్వని అప్పూ, నాకు ఒకే నాణెం బొమ్మాబొరుసుల్లా కనిపిస్తాయి. ఇద్దరూ జరగబోయేది చూశామనే అన్నారు, ఇద్దరూ దాన్ని జరిపించారు.

ఇది దూరదేశం సంగతని తీసిపారేయడానికి లేదు. ఏ ఊళ్ళోనైనా అప్పులిచ్చే సంస్థల్లో కాగితం మీద రాయని జాబితా ఒకటి ఉంటుంది. ఫలానా వీధి, ఫలానా వృత్తి, ఫలానా కులం అంటే గొంతు తగ్గించి, చూద్దాంలే సార్ అంటారు. మనదేశంలో 1969లో పద్నాలుగు బ్యాంకుల్ని జాతీయం చెయ్యడానికి, ప్రాధాన్య రంగాలకు ఇంత శాతం ఇచ్చితీరాలన్న నిబంధన పెట్టడానికి కారణాల్లో ఇదీ ఒకటి. ఆ నిబంధన మీద మా వాళ్ళు విసుక్కోవడం బోలెడు విన్నాను. అది లేకుండా ఆ వీధుల్లోకి బ్యాంకు తనంతట తాను ఎంతవరకు వెళ్ళేదో మాత్రం ఎవరూ చెప్పరు.

పన్నుల సంగతి కూడా చెప్పాలి. నార్త్‌లాండ్ తెరిచిన ఏడాదే, ఆగస్టులో, అమెరికాలో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. కొత్త కట్టడాలకు తరుగుదలను మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా రాసుకోనిచ్చింది. నలభై లక్షల కట్టడం, నలభై ఏళ్ళ ఆయుష్షు అనుకోండి. పాత పద్ధతిలో ఏటా లక్ష. కొత్త పద్ధతిలో మొదటి ఏడు రెండు లక్షలు, రెండో ఏడు మిగిలిన ముప్పై ఎనిమిది లక్షల మీద లక్షా తొంభై వేలు. అంటే చేతికి లాభం వస్తూనే పుస్తకంలో నష్టం చూపవచ్చు, పన్ను తప్పుతుంది. కొన్నేళ్ళకి అమ్మేస్తే కొన్నవాడు మళ్ళీ తన ధర మీద తరుగుదల మొదలెట్టుకుంటాడు. ఇది కొత్తది కడితేనే. ఊరి మధ్య పాత మేడకు సున్నం వేయించి, లిఫ్టు బాగుచేయించేవాడికి ఈ సదుపాయం లేదు. చట్టం చేసినవాళ్ళ మనసులో ఉన్నవి ఫ్యాక్టరీలు. అందిపుచ్చుకున్నవాళ్ళు శివార్లలో షాపింగ్ కేంద్రాలు కట్టేవాళ్ళు. నార్త్‌లాండ్ దీనివల్ల పుట్టలేదు, దాని తర్వాత పుట్టిన వందల కేంద్రాలకు ఇది పాలు పోసింది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చి, ఖర్చులో తొంభై శాతం కేంద్రమే భరించింది. ఇంత సాయం పొందిన ప్రయాణాన్ని, జనం ఇష్టపడి చేసిన ప్రయాణం అనడం ఎంతవరకు సబబు?

అలాగని పాత బజారును స్వర్గం చెయ్యకూడదు. అమెరికా నగరాల్లోని పెద్ద కొట్లు చాలాకాలం నల్లజాతివారిని ఊడ్వడానికీ లిఫ్టు నడపడానికీ పెట్టుకున్నాయి గాని, కౌంటరు వెనక నిలబెట్టలేదు. ఆ మేడను తలుచుకుని కన్నీళ్ళు పెట్టేవారు ఈ సంగతిని కూడా తలుచుకోవాలి. అయినా ఒక తేడా ఉంది. వుడ్‌వర్డ్ అవెన్యూ ఎవరి సొంతమూ కాదు. ఆ వీధిలో నిలబడి, ఈ కొట్టులో మావాళ్ళకి ఉద్యోగాలివ్వండి అని అట్ట పట్టుకోవచ్చు. నార్త్‌లాండ్ వాకిలి కంపెనీ సొంతం. పోర్ట్‌లండ్ నగరంలో 1960లో తెరిచిన లాయిడ్ సెంటర్ అనే ఇలాంటి కేంద్రంలో, 1968లో కొందరు వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచితే కాపలావాళ్ళు వెళ్ళిపొమ్మన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి, 1972లో యజమాని పక్షానే తీర్పు వచ్చింది. మన సంతలో బేరం చేస్తూ పక్కవాడి ఉపన్యాసం కూడా వింటాం, ఎవరూ కాదనరు. సంత జాగా అందరిదీ. వియన్నా కూడలిని తెచ్చి నాటిన గ్రూయెన్ గారు, కూడలికి యజమాని ఉండడన్న సంగతిని మాత్రం వెంట తేలేకపోయాడు.

ఆయన తర్వాత 1968లో వియన్నాకే తిరిగి వెళ్ళిపోయాడు. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, తన పేరు చెప్పుకుని పుట్టిన షాపింగ్ కేంద్రాలకూ తనకూ సంబంధం లేదని తోసిపుచ్చాడు. ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు, ఉద్యానాలు కలిసిన ఊరిని నేను గీస్తే, వీళ్ళు లాభమొచ్చే ముక్క ఒక్కటే కోసుకున్నారని ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే. కాని చుట్టూ భూమి కొనిపెట్టుకోమన్న సలహా కూడా ఆయనదే కదా! లాభాన్ని ముందు చూపించి పెట్టుబడిదారుణ్ణి ఒప్పించినవాడు, అతను లాభమే చూశాడని తర్వాత ఆశ్చర్యపోవడం నాకు మింగుడుపడలేదు.

మరి హడ్సన్ ఏం చెయ్యాల్సింది? వెళ్ళకూడదని నేననను. ఎయిట్ మైల్ రోడ్ దాటడం వల్ల ఒక లెక్క మారింది. అమెరికాలో బడులు నడిచేది ఎక్కువగా స్థానికంగా వసూలయ్యే ఆస్తిపన్ను మీద. కొట్టు డెట్రాయిట్‌లో ఉంటే ఆ పన్ను డెట్రాయిట్ పిల్లలకి. రోడ్డు దాటితే సౌత్‌ఫీల్డ్ పిల్లలకి. మధ్యలో ఉన్నది ఒక తారురోడ్డు. డెబ్బై మూడేళ్ళ వ్యాపారంలో సంపాదించిన పేరు, అదే పేరును చూసి పెరిగిన భూమి ధర, ఇవి డెట్రాయిట్ జనం పెట్టుబడి. వాళ్ళ వాటా రోడ్డుకి ఇవతలే ఆగిపోయింది. తప్పు అనే మాట పక్కన పెట్టి, బాకీ అనే మాట వాడితే నాకు విషయం స్పష్టంగా కనిపిస్తుంది. తప్పు చెయ్యకుండా కూడా బాకీ పడవచ్చు. పొరుగువాడి బావి నీళ్ళతో తోట పెంచుకున్నవాడు దొంగ కాదు, బాకీదారు. ఆ బాకీని తీర్చే మార్గం ఎవరో ఒకరు, కంపెనీ గాని రాష్ట్ర ప్రభుత్వం గాని, ఆలోచించి ఉండవచ్చు. రోడ్డుకి రెండువైపులా పన్ను పంచుకునే ఏర్పాటు ఊహకందనిదేమీ కాదు.

1967 జూలైలో డెట్రాయిట్ తగలబడింది. ఆ తర్వాత నగరాన్ని నిలబెట్టడానికి ఏర్పడిన న్యూ డెట్రాయిట్ సంఘానికి అధ్యక్షత వహించింది జోసెఫ్ హడ్సన్ జూనియర్, అదే కుటుంబంవాడు. ఆయన చిత్తశుద్ధిని శంకించడానికి నాకు ఆధారం లేదు. బాకీ ఉందని ఆ ఇంట్లో ఎవరికో తెలిసే ఉండాలి. కాని అప్పటికే తూర్పున ఈస్ట్‌లాండ్ 1957లో, పడమట వెస్ట్‌లాండ్ 1965లో తెరుచుకున్నాయి. దక్షిణాన సౌత్‌లాండ్ 1970లో తెరిచారు. 1950లో 18,49,568 ఉన్న నగర జనాభా 2020 నాటికి 6,39,111కి దిగింది. వుడ్‌వర్డ్ అవెన్యూ మీది పెద్ద కొట్టును 1983 జనవరిలో మూశారు. 1998 అక్టోబరు 24న పేల్చి కూల్చారు.

నార్త్‌లాండ్ కూడా మిగల్లేదు. కాలక్రమేణా సౌత్‌ఫీల్డ్‌లో నల్లజాతివారు అధికసంఖ్యాకులయ్యారు. కొనేవాళ్ళలో డబ్బున్నవాళ్ళు ఇంకా ఉత్తరానికి జరిగారు, కంపెనీలు మళ్ళీ వాళ్ళ వెంటే వెళ్ళాయి, అదే సమర్థనతో. హడ్సన్ కంపెనీ 1969లోనే మినియాపోలిస్‌వారి డేటన్ కంపెనీతో కలిసిపోయింది; ఆ సంస్థే నేటి టార్గెట్. నార్త్‌లాండ్ 2015లో మూతబడింది. ఆ ఏడే సౌత్‌ఫీల్డ్ నగరపాలక సంస్థ దాన్ని పౌరుల సొమ్ముతో 24 లక్షల డాలర్లకు కొనుక్కుంది.